వక్ఫ్ భూములు – అడవి అంచున మన అమానత్

మన సంఘ వార్షిక సంచికలలో చదువు, ఉద్యోగము, వివాహములలో వృథా ఖర్చు మొదలైన విషయములపై మంచి వ్యాసములు వస్తూనే ఉన్నవి. ఈసారి మేము భూమిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము. భూమి అనగానే ధర ఎంత, రోడ్డుకు ఎంత దూరము అని అడగడము ఇప్పటి అలవాటు. మేము అడగబోయే ప్రశ్న వేరు. ఒక మనిషికి పదెకరాల భూమి ఉన్నది. అందులో పాత చింతచెట్లున్నవి, ఒక కుంట ఉన్నది, పక్కనే అడవి ఉన్నది. తాను పోయిన తర్వాత కూడ ఆ చెట్లు నరకబడకుండా, ఆ కుంట పూడ్చబడకుండా, ఆ నేల ప్లాట్లు కాకుండా ఉండాలని అతని కోరిక. అతడు ఏం చేయాలి? కొడుకులకు చెప్పి పోతే సరిపోతుందా? కొడుకులు వింటారు, మనుమలు వింటారా?

ఈ ప్రశ్నకు పడమటి దేశములవారు నూటముప్పై ఏళ్లుగా ఒక జవాబు తయారు చేసుకున్నారు. దానిని భూమి ట్రస్టు అంటారు. మన దగ్గర దాదాపు పద్నాలుగు వందల సంవత్సరముల నుండి ఒక జవాబు ఉన్నది. దానిని వక్ఫ్ అంటాము. జవాబు మన చేతిలో ఉండి కూడ మన భూములు ఎందుకు పోయినవి, మిగిలినవి ఎట్లా నిలుస్తవి అనేదే ఈ వ్యాసము.

ఖైబర్ నేల కథ

హిజ్రీ 7వ సంవత్సరములో, అనగా క్రీ.శ. 628లో, ఖైబర్ ముస్లిముల వశమైనది. అక్కడ హజ్రత్ ఉమర్ (రజి)కు మంచి భూమి లభించినది. అంత విలువైన ఆస్తి తనకు అంతకు ముందెన్నడూ దొరకలేదని, దానిని ఏం చేయమంటారని ఆయన ప్రవక్త ముహమ్మద్ (స)ను సలహా అడిగినారు. మూలమును అట్టే నిలిపి ఉంచి, దాని ఫలమును దానము చేయవచ్చునని ప్రవక్త (స) సలహా ఇచ్చినారని హదీసు గ్రంథములు తెలుపుచున్నవి. ఆ ప్రకారము హజ్రత్ ఉమర్ (రజి) ఆ నేలను అమ్మరాదని, ఇంకొకరికి బహుమతిగా ఇయ్యరాదని, వారసత్వముగా పంచుకోరాదని షరతు పెట్టినారు. ఫలము పేదలకు, బంధువులకు, బానిసల విముక్తికి, బాటసారులకు, అతిథులకు. చూసుకునేవాడు తన తిండికి న్యాయముగా తీసుకోవచ్చును గాని దానితో ఆస్తి కూడబెట్టుకోరాదు.

వక్ఫ్ అనే మాటకు అర్థమే ఆపివేయుట, నిలిపివేయుట. భూమి ఎక్కడికీ పోదు, అది చేతులు మారడము మాత్రమే ఆగిపోతుంది. ఇందులో మూడు విషయములున్నవి. ఇచ్చేవాని మాట స్పష్టముగా ఉండాలి. ఏ భూమి, ఎంతవరకు అని తెలియాలి. దానిని చూసుకునే మనిషి ఉండాలి, అతడు ఇంకొకరికి జవాబు చెప్పాలి. ఈ మూడింటిని పాఠకులు గుర్తుంచుకోవలసినదిగా మనవి. ముందు చెప్పబోయే కథంతా వీటి చుట్టే తిరుగును.

వక్ఫ్‌తో పాటు ఇంకొక పద్ధతి కూడ ఉండెను. దాని పేరు హిమా. అనగా కాపాడబడిన మేత భూమి. మదీనా దగ్గర నఖీ అనే లోయను ప్రవక్త (స) ముస్లిముల గుర్రముల మేతకై హిమాగా ఉంచినారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలములో ఒక హిమాకు హునయ్ అనే మనిషిని కావలి పెట్టి, అతనికి ఒక తాకీదు చేసినారు. నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు ఉన్న పేదవానిని లోపలికి రానియ్యమని, పెద్ద మందలున్న ధనవంతులను రానియ్యవద్దని ఆ తాకీదు సారాంశము. ధనవంతుని పశువులు చచ్చినా అతనికి తోటలు, పొలాలు ఉన్నవి, పేదవాడు ఎక్కడికి పోతాడు అని కారణము కూడ చెప్పినారు. అడవిని, మేతను కాపాడటమంటే పేదవానిని తరిమివేయడము కాదని ఆనాడే తేటగా తెలిసినది. గోదావరి ఒడ్డున నివసించే మనకు ఈ పాఠము చాలా అవసరము.

పడమటివారు చేసినదేమి?

అమెరికాలోని మసాచుసెట్స్‌లో చార్లెస్ ఎలియట్ అనే తోటల నిర్మాత పూనికతో 1891లో అందమైన, చారిత్రకమైన భూములను ప్రజల కొరకు పట్టి ఉంచే ట్రస్టు ఒకటి చట్టబద్ధముగా ఏర్పడినది. ఇంగ్లండులో 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ అనే ముగ్గురు కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించినారు. దానికి మొదట లభించిన ఆస్తి ఎంత? వేల్స్‌లో సముద్రపు ఒడ్డున నాలుగున్నర ఎకరాల కొండచరియ. ఫానీ టాల్బట్ అనే ఆమె ఇచ్చినది. 1907లో పార్లమెంటు చట్టము చేసి, ట్రస్టు తన భూములను ఎన్నటికీ అన్యాక్రాంతము చేయరాని భూములుగా ప్రకటించే అధికారమును ఇచ్చినది. ఎన్నటికీ అమ్మరానిది! ఖైబర్ నేలకు పెట్టిన షరతు కూడ ఇదే కదా.

అమెరికావారు ఇంకొక ఉపాయము కూడ కనిపెట్టినారు. భూమి యజమాని పేరనే ఉంటుంది. అతడు దున్నుకోవచ్చు, నివసించవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు కూడ. కాని ప్లాట్లు చేసే హక్కును, అడవి నరికే హక్కును శాశ్వతముగా వదులుకుంటూ ఒక ట్రస్టుకు పత్రము రిజిస్టరు చేసి ఇస్తాడు. తరువాత ఎవరు కొన్నా ఆ షరతుకు కట్టుబడి ఉండాలి. ట్రస్టువారు ఏటేటా వచ్చి చూసి పోతారు. మన దేశములో ఈ పద్ధతికి ప్రత్యేక చట్టము లేదు.

అయితే దీనికి దగ్గరి చుట్టము మన దగ్గర ఉన్నది. వక్ఫ్ అలల్ ఔలాద్. భూమి అమ్మకుండా నిలుపబడును, ఫలము మాత్రము సంతానమునకు అందును, సంతానము లేనినాడు పేదలకు పోవును. 1894లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒక బెంగాల్ కేసులో ఇట్టి కుటుంబ వక్ఫ్ చెల్లదని తీర్పు చెప్పినది. పేదలకు చేరేది పేరుకు మాత్రమేనని వారి అభిప్రాయము. దేశములోని ముస్లిములు చాలా ఆందోళన చెందినారు. చివరకు 1913లో ముసల్మాన్ వక్ఫ్ ధ్రువీకరణ చట్టము వచ్చి ఆ హక్కు తిరిగి లభించినది. భూమిని కట్టివేసే హక్కు కొరకు మన పెద్దలు ఇరవై ఏళ్లు పోరాడినారన్నమాట. మనము ఆ హక్కును ఎంత వాడుకున్నామో ఎవరి గుండె మీద వారు చెయ్యి వేసుకొని చెప్పాలి.

ఒక నది, రెండు దఫ్తర్లు

ఇక మన ప్రాంతమునకు వద్దాము. ఖమ్మం, భద్రాచలం అని మనము ఒకే గుక్కలో అంటాము గాని ఈ రెంటి భూమి కాగితములు ఒక్కటి కావు. గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానాషా కాలములో (1672–1687) ఇదంతా ఒకే ఏలుబడి. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉండి భద్రాచల రామాలయము కట్టించిన కథ తెలియని పిల్లవాడు మన జిల్లాలో లేడు. సీతారామ కల్యాణమునకు ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారమును జనము తానాషా పేరనే చెప్పుకుంటారు.

1860లో నిజాం ప్రభుత్వము, బ్రిటిష్‌వారు చేసుకున్న ఒడంబడికలో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు బ్రిటిష్‌వారికి పోయినవి. భద్రాచలము, రేకపల్లి మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరినవి. కుడి గట్టు నిజాం రాజ్యములోనే, వరంగల్ సుబాలో ఉండిపోయినది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలం ప్రాంతము తూర్పు గోదావరి నుండి విడివడి ఖమ్మంలో కలిసినది. 2014లో పోలవరము నిమిత్తము కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయినది.

అందుచేత ఏమైనదంటే, ఎడమ గట్టు పాత రికార్డు ఇంగ్లీషులో, తెలుగులో ఉండెను. ఇనాము, పోరంబోకు, ఎస్టేటు అనే మాటలు అందులో కనిపించును. కుడి గట్టు పాత రికార్డు ఫార్సీలో, ఆ తరువాత ఉర్దూలో ఉండెను. సేత్వార్, పహాణీ, ముంతఖబ్, ఖారిజ్ ఖాతా, మష్రూతుల్ ఖిద్మత్ అనే మాటలు ఇందులో కనిపించును. మస్జిదులో దీపము పెట్టేవానికి, ఖబ్రస్తాన్ చూసేవానికి, ఆషూర్‌ఖానాలో సేవ చేసేవానికి సేవ షరతు మీద ఇచ్చిన భూమియే మష్రూతుల్ ఖిద్మత్ ఇనాము. నిజాం రాజ్యములో ఉమూరె మజ్‌హబీ అనే శాఖ ఇట్టి ధర్మాదాయ ఆస్తులను చూసేది. 1349 ఫస్లీలో దేవాదాయ, ధర్మాదాయ ఆస్తులకు నిబంధనలు ఏర్పడినవి. ఫస్లీకి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకము వచ్చును. అనగా ఇది 1940 నాటి మాట. కితాబుల్ అవ్‌ఖాఫ్ అనే రిజిస్టరులో వక్ఫ్ ఆస్తుల వివరము ఎక్కించేవారు.

తరువాత మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. 1949లో జాగీర్లు రద్దయినవి. 1954లో కేంద్ర వక్ఫ్ చట్టము వచ్చినది. 1954–55లో తెలంగాణ అంతటా ఖస్రా పహాణీ తయారైనది. 1955లో తెలంగాణ ప్రాంతపు ఇనాముల రద్దు చట్టము వచ్చినది. ఈ ఏడేళ్ల కాలములో ఎవరి పేరు ఏ గడిలో పడినదో అదే తరువాతి తరములకు ఆధారమైనది. సేవ కొరకు ఇచ్చిన భూమి పహాణీలో సేవకుని సొంత పేర ఎక్కితే, అతని మనుమడు అది తాత ఆస్తి అనుకున్నాడు, అమ్ముకున్నాడు. అతడు దొంగ అని మేము అనము. కాగితము అతనికి అట్లా చెప్పినది, అసలు కాగితము చదివి చెప్పేవారు లేరు.

ఈ సందర్భములో ఉర్దూ చదువు సంగతి చెప్పక తప్పదు. ఉర్దూ మాధ్యమ బడిలో పనిచేసే మావంటివారి దగ్గరకు అప్పుడప్పుడు పాత కాగితములు పట్టుకొని జనము వస్తుంటారు. షికస్తా చేవ్రాతలో ఉన్న ఆ కాగితములో రఖ్బా ఎంత, హుదూద్ ఏవి, తూర్పున మష్రిఖ్ కింద ఎవరి పొలము వ్రాసినది, ఇవి తెలుసుకోవాలని వారి ఆత్రము. ఇంట్లో ముగ్గురు చదువుకున్న పిల్లలుంటారు, ఒక్కరికీ ఆ లిపి రాదు. ఉర్దూ చదివితే ఉద్యోగము రాదని మాన్పించినారు. మంచిదే, కాని ఎకరాలకు ఎకరాల హద్దులు ఆ లిపిలోనే ఉండిపోయినవి.

పోయిన భూములు – ఒక్కరి కథ కాదు

వక్ఫ్ భూములు మాత్రమే పోయినవని, మనకు మాత్రమే అన్యాయము జరిగినదని కొందరు అనుకుంటారు. చరిత్ర అట్లా చెప్పుట లేదు. ధర్మము కొరకు కట్టివేసిన ప్రతి రకము భూమికి ఇదే గతి పట్టినది.

భద్రాచల రామాలయమునకు పురుషోత్తపట్నంలో దాదాపు 890 ఎకరాల భూమి ఉన్నది. 2014 తరువాత ఆ గ్రామము ఆంధ్రప్రదేశ్‌లోను, దేవుడు తెలంగాణలోను ఉండిపోయినారు. ఆ భూమిలో ఆక్రమణలు పెరిగినవి. 2025 జూలైలో ఆక్రమణలను ఆపబోయిన ఆలయ కార్యనిర్వహణాధికారిపై దాడి జరిగినది. ఎదుట దేవుడు, వెనుక ప్రభుత్వము ఉన్న భూమికే ఈ పరిస్థితి.

భూదానమును చూడండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానము ప్రకటించినారు. దేశమంతా ఆ గాలి వీచినది. 1965లో ఆంధ్రప్రదేశ్‌లో భూదాన, గ్రామదాన చట్టము వచ్చినది. ఐనా దానమైన భూములలో ఎన్నో హద్దులు తేలక, పంపకము కాక, చివరకు చేతులు మారి పోయినవి. ఇచ్చిన మాట గొప్పది, కాని హద్దురాయి పాతినవారు తక్కువ.

మన వక్ఫ్ సంగతి. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో దేశములో 4.9 లక్షల రిజిస్టరైన వక్ఫ్ ఆస్తులు, సుమారు 6 లక్షల ఎకరాల భూమి ఉన్నట్లు తెలిపినది. తెలంగాణలో 77 వేల ఎకరాలకు పైగా వక్ఫ్ భూమి ఉండగా అందులో 57 వేల ఎకరాలకు పైగా ఆక్రమణ పాలైనట్లు రాష్ట్రము ఏర్పడిన తర్వాతి అధికారిక లెక్కలు చెప్పినవి. అనగా నాలుగింట మూడు వంతుల దాకా అన్నమాట. ఈ ఆక్రమణదారులలో మనవారు లేరా? ముతవల్లీలే కౌలు పేరిట ఇచ్చివేసిన భూములు లేవా? ఖబ్రస్తాన్ అంచున దుకాణములు కట్టి కిరాయి తిన్నవారు లేరా? ఇతరులను వేలెత్తి చూపే ముందు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకోవాలి.

మూడు కథలలోను కారణము ఒక్కటే. ఇచ్చినవాని మాట బాగానే ఉన్నది. హద్దు వ్రాతలో లేదు, లేదా వ్రాత ఉన్నా చదివేవాడు లేడు. చూసుకునేవాడు ఎవరికీ జవాబు చెప్పలేదు.

అడవి అంచు

ఇప్పుడు అడవి మాట. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యము 635 చదరపు కిలోమీటర్లు. అది ప్రభుత్వపు అడవి, అటవీ శాఖ చూచును. కాని అడవి అంచున ఉన్న పట్టా భూములను ఎవరు చూస్తారు? నలభై యాభై ఏళ్లలో ఈ అంచు రూపమే మారినది. 1979లో సారపాకలో కాగితపు మిల్లు ఉత్పత్తి ప్రారంభించిన తరువాత జామాయిల్, సుబాబుల్ తోటలు పెరిగినవి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ వచ్చినది. మిర్చి, పత్తి సరేసరి. రైతుకు నాలుగు రూపాయలు వచ్చినవి, కాదనము. అయితే జామాయిల్ తోట దూరమునకు పచ్చగా కనబడినా అడవి కాదు. అందులో విప్పపువ్వు రాలదు, తునికిపండు దొరకదు, నెమలికి తావు లేదు, నాలుగైదేళ్లకొకసారి మొదలంటా నరకబడును.

సొంత భూమిలో అడవిని నిలిపినవారు లేకపోలేదు. మన జిల్లా పొరుగుననే, సూర్యాపేట జిల్లా మోతె మండలము రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ గారు తమ వంశపారంపర్య భూమిలో దాదాపు 70 ఎకరాలను అడవిగా పెంచి కాపాడుతున్నారు. బ్యాంకు ఉద్యోగము వదిలి, జలసాధన సమితి పేర నల్లగొండ ఫ్లోరైడ్ సమస్యపై పోరాడిన వ్యక్తి ఆయన. ఆ అడవిలో కుంటలున్నవి, పక్షులున్నవి. కొనవచ్చినవారికి ఆయన అమ్మలేదు. ఈ భూమి పక్షులది, జంతువులది అని ఆయన పలుమార్లు చెప్పినారు. మన ఖమ్మం రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గారు సైకిలు మీద విత్తనములు మోసుకొని రోడ్ల వెంట జీవితమంతా మొక్కలు నాటినారు. 2017లో పద్మశ్రీ పొందినారు, 2025 ఏప్రిల్ 12న కాలము చేసినారు. చెట్టు నాటిన వానికి ఆ చెట్టు పండును మనిషి, పక్షి, పశువు తిన్నంత కాలము దానపుణ్యము దక్కునని మన ప్రవక్త (స) బోధ. ఆ బోధను ఆచరించి చూపినవారు ఏ మతమువారైనా మనకు గురువులే.

చట్టములో కూడ ఒక దారి ఉన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2002లో చేసిన సవరణలో 36సి అనే సెక్షను చేరినది. దాని ప్రకారము ఒక వ్యక్తి గాని, ఒక సమాజము గాని తమ భూమిలో వన్యప్రాణులను కాపాడుటకు తామే ముందుకు వస్తే, ఆ ప్రైవేటు భూమిని రాష్ట్ర ప్రభుత్వము కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చును. భూమి యాజమాన్యము పోదు, వాడుక మాత్రము కట్టుబడును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. అడవి అంచున ఉన్న భూములలో చాలా భాగము షెడ్యూల్డు ప్రాంతము. అది కోయలది, కొండరెడ్లది. 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు నిజాం ప్రభుత్వము తరఫున పాల్వంచ ప్రాంతపు కొండరెడ్ల మధ్య తిరిగి, అప్పులలోను, కాంట్రాక్టర్ల చేతిలోను వారెట్లా చిక్కుకున్నారో వ్రాసినారు. 1356 ఫస్లీలో గిరిజన ప్రాంతముల నిబంధన వచ్చుటకు ఇటువంటి నివేదికలు తోడ్పడినవి. ఎడమ గట్టున మద్రాసువారి 1917 చట్టము అంతకు ముందే ఉండెను. తరువాత 1959లో ఒకటవ రెగ్యులేషన్ వచ్చినది, 1963లో అది తెలంగాణ ప్రాంతమునకు విస్తరించినది, 1970లో మరింత గట్టిపడినది. అందుకే జనము నోట 'వన్ ఆఫ్ సెవెంటీ' అని నిలిచినది. గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి కూడ గిరిజనుని నుండి వచ్చినదేనని చట్టము ముందుగా భావించును, కాదని రుజువు చేయవలసినది గిరిజనేతరుడే. అక్కడ అమ్మకమే కాదు, దానము కూడ బదిలీయే. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టము చెల్లునని చెప్పినది. షెడ్యూల్డు తెగలవారి భూమిని వక్ఫ్‌గా ప్రకటించరాదని 2025 సవరణ కూడ చెప్పినది. ఈ ఒక్క మాటతో మనకు పేచీ ఉండరాదు. ఇతరుని హక్కు ఉన్న నేలను అల్లాహ్ పేర ఇచ్చుట దానము కాదు. హునయ్‌కు హజ్రత్ ఉమర్ (రజి) చేసిన తాకీదు ఇక్కడ జ్ఞాపకము రావాలి. కోయవాని పశువుకు దారి ఉంచనిది హిమా కాదు.

గడియారము తిరుగుచున్నది

1995 వక్ఫ్ చట్టమునకు 2013లో చేసిన సవరణ వక్ఫ్ భూమి అమ్మకము, దానము, మార్పిడి, తాకట్టులను నిషేధించినది. అప్పటివరకు ఇంకొక రక్షణ కూడ ఉండెను. వక్ఫ్ భూమిని తిరిగి రాబట్టుకొనుటకు కాలపరిమితి లేదు. ఎన్నేళ్లకైనా దావా వేయవచ్చును. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన సవరణ చట్టము ఆ రక్షణను తీసివేసి, అప్పటి నుండి కాలపరిమితి చట్టము వక్ఫ్ భూములకు కూడ వర్తించునని చెప్పినది. స్థిరాస్తి స్వాధీనమునకు సాధారణముగా ఆ గడువు 12 సంవత్సరములు. ఇకమీదట చూద్దాములే అని ఊరుకున్న ప్రతి సంవత్సరము ఆక్రమణదారుని ఖాతాలో జమ అగును.

అదే చట్టము ప్రకారము ఇక నోటిమాటతో వక్ఫ్ ఏర్పడదు, పత్రము వ్రాయవలెను. వాడుక వలన ఏర్పడిన వక్ఫ్ అనే గుర్తింపు కొత్తగా లభించదు. ముందే రిజిస్టరైనవి మాత్రము, వివాదములో లేనివి, ప్రభుత్వ భూమి కానివి అయితే నిలుచును. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభించి ఆస్తుల వివరములు ఆరు నెలలలో ఎక్కించమన్నారు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఈ చట్టములోని కొన్ని భాగములను తాత్కాలికముగా నిలిపినది గాని, చట్టమంతటిని నిలుపలేదు. ఈ చట్టము మంచిదా, చెడ్డదా అని సభలలో వాదించవచ్చును. వాదన ఒక వైపు సాగనిండు, హద్దురాళ్లు ఒక వైపు పాతుదాము.

మనము చేయగల పనులు

మొదటిది, మన సంఘము తరఫున ప్రతి గ్రామములోని మస్జిదు, ఖబ్రస్తాన్, ఈద్గాహ్, ఆషూర్‌ఖానా, దర్గాల భూముల జాబితా ఒకటి తయారు కావాలి. సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు, గెజెటులో ఉన్నదా లేదా, 2020లో వచ్చిన ధరణిలో ఏ పేరు పడినది, 2025లో వచ్చిన భూభారతిలో ఏ పేరు ఉన్నది, ఇవన్నీ ఒకే పుస్తకములో వ్రాయాలి. దీనికి వకీలు అక్కరలేదు. సైకిలు మోటారు, రెండు ఆదివారములు చాలు.

రెండవది, ఇండ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్న ఉర్దూ, ఫార్సీ కాగితములను బయటికి తీయండి. అసలు కాగితము ఎవరికీ ఇయ్యవద్దు, ఫోటో తీయించండి. మావంటి ఉపాధ్యాయులము చదివి తెలుగులో వ్రాసి ఇచ్చుటకు సిద్ధముగా ఉన్నాము. ప్రతి ఊరి నుండి ఇద్దరు పిల్లలకు ఆ పాత చేవ్రాత నేర్పుటకు కూడ సిద్ధమే. వేసవి సెలవులలో నెల రోజులు చాలు.

మూడవది, మన ఖబ్రస్తాన్‌లను, ఈద్గాహ్ మైదానములను చూసి రండి. చుట్టూ పొలములన్నీ మిర్చి, పత్తి అయిపోయినా, ఆ అర ఎకరములో పాత వేప, చింత, మర్రి నిలిచి ఉంటవి. నాగలి అక్కడికి పోలేదు గనుక అవి బ్రతికినవి. శుభ్రము చేయించుటంటే ఆ చెట్లను కొట్టి, నేలంతా సిమెంటు పోయించుట కాదు. తుమ్మకంప తీయండి, చెట్టు ఉంచండి. ఖాళీ జాగాలో విప్ప, నేరేడు, సీతాఫలము నాటండి. పండు పిల్లలు తింటారు, పక్షులు తింటవి, పుణ్యము సమాధిలో ఉన్నవానికి పోవును.

నాలుగవది, షెడ్యూల్డు ప్రాంతము కాని మండలములలో సొంత పట్టా భూమి ఉన్న పెద్దలకు ఒక విన్నపము. పదెకరాలు ఉంటే అర ఎకరము, ఒక కుంట, ఒక చింతతోపు. పిల్లలతో కూర్చొని, వారిని ఒప్పించి, వకీలును సంప్రదించి, పత్రము వ్రాసి, హద్దులు కొలిపించి, అమ్మరాదని షరతు పెట్టి నిలిపివేయండి. ఫలము కుటుంబమునకు రావాలంటే కుటుంబమునకే రానీయండి, ఆ మార్గము కూడ 1913 నుండి చట్టములో ఉన్నది. వేల్స్‌లో ఆమె ఇచ్చినది నాలుగున్నర ఎకరాలు మాత్రమే. 

ఐదవది, ముతవల్లీలు, కమిటీ పెద్దలు ఏడాదికొకసారి జుమా నమాజు తరువాత లెక్క చదివి వినిపించాలి. భూమి ఎంత, కౌలు ఎంత వచ్చినది, దేనికి ఖర్చయినది, చెట్లు ఎన్ని ఉన్నవి, ఎన్ని పోయినవి. లెక్క అడిగినవానిని శత్రువుగా చూడరాదు. తనపైనున్న చొక్కా గుడ్డకు కూడ హజ్రత్ ఉమర్ (రజి) నిండు సభలో లెక్క చెప్పినారని మనము ఉపన్యాసములలో ఎంతో గర్వముగా చెప్పుకుంటాము కదా!

భూమిని మనము తండ్రి నుండి తీసుకున్నాము, కొడుక్కు ఇస్తాము అనుకుంటాము. ఉర్దూలో దీనికి మీరాస్ అని పేరు. ఇంకొక మాట కూడ ఉన్నది, అమానత్. మీరాస్ పంచుకునేది, అమానత్ అప్పగించేది. అడవి అంచున మిగిలిన ఈ కొద్ది నేల ఏ మాట కిందికి వచ్చునో మన తరమే నిర్ణయించవలెను. ముందు తరములవారు తమ ఊరి ఖబ్రస్తాన్ హద్దును చూపమని మనలను అడిగిన నాడు వేలు పెట్టి చూపగలిగే శక్తిని అల్లాహ్ మనందరికి ప్రసాదించుగాక. ఆమీన్.